ముసురు పడితే ఆగిపోయే నీళ్లు

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు, వానకాలం మొదట్లో, తాగునీటి విభాగంలో పనిచేస్తున్న నన్ను నల్గొండలోని కొత్త కంట్రోల్ రూముకు వేశారు. హోదా డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. అంతవరకూ పైపులు, పంపులు చూసినవాణ్ణి. రిటైర్మెంటు దగ్గరపడ్డాక సర్వర్లు, సెన్సర్లు నెత్తిన పడ్డాయి. "ఫోన్ల ఒక్క ఫొటో పంపనీకి రాదు, నీకు గా పని ఎవలిచ్చిండ్రు?" అని మా ఆవిడ నవ్వింది.

పని ఇది. ప్రతి ఊరి ట్యాంకు దగ్గరా ఒక డబ్బా ఉంటుంది. అది నీటి మట్టం కొలిచి, సిమ్ కార్డు ద్వారా మాకు కబురు పంపుతుంది. వెనకటిలా సాయంత్రం లెక్కలు తెప్పించుకుని చూసుకోవడం కాదు. వచ్చిన కబురును వచ్చినట్టే ప్రోగ్రాము చదివి, ఏ ఊరి వాల్వు తెరవాలో, ఏది మూయాలో అప్పటికప్పుడు తేలుస్తుంది. దీన్నే స్ట్రీమింగ్ అంటారు. డబ్బా పలకకపోతే ట్యాంకు పొంగిపోతుందన్న భయంతో వాల్వు మూసేయాలని, ఆలస్యంగా వచ్చిన కబుర్లు పక్కన పడేయాలని మేమే నియమాలు రాసుకున్నాం.

తిరుమలగిరి అవతల ఒక చిన్న ఊరు మమ్మల్ని బాగా సతాయించింది. ముసురు పట్టిందంటే అక్కడి డబ్బా మూగబోయేది, వాల్వు మూసుకునేది. కరెంటు లేక నీళ్లు రావడం లేదనుకుని ఊళ్లోవాళ్లు మళ్లీ పాత బోరింగు దగ్గరికి పోయేవాళ్లు. ఫ్లోరైడుతో ఎందరి కాళ్లో వంచిన బోరింగు అది. ఆ సంగతి తలచుకుంటే నాకు అన్నం సహించేది కాదు. డబ్బా మార్పించాను, సిమ్ మార్పించాను, సరఫరా చేసిన కంపెనీవాళ్ల మీద కేకలేశాను. మా అసిస్టెంట్ ఇంజనీరు స్వప్న మాత్రం కేకలు వేయకుండా, పక్కన పడేసిన కబుర్లను తిరగేసింది. వాన వెలవగానే ఆ ఊరి కబుర్లన్నీ గుంపుగా వచ్చి పడుతున్నాయి. అంటే డబ్బా బాగానే కొలుస్తోంది, కొలిచింది దాచుకుంటోంది, బయటికి మాత్రం పంపలేకపోతోంది. మళ్లీ ముసురు పట్టగానే జీపు తీశాం.

ట్యాంకు కింద దిమ్మె మీదున్న డబ్బాకు ఎవరో గొంగడి చుట్టి, పైన పెద్ద సత్తు గిన్నె బోర్లించారు. ఆ లోహంలోంచి సిగ్నల్ దాటలేదు. మమ్మల్ని చూసి పక్కింటి లింగమ్మ కొంగు నెత్తిన వేసుకుని పరుగున వచ్చింది. గొర్లు కాసే కుటుంబం వాళ్లది. ఇంటి అరుగు మీద ఆమె భర్త కూర్చుని ఉన్నాడు. మోకాళ్లు వంగిపోయి లేవలేడు. ఒళ్లో మనవరాలుంది.

"గది తియ్యకుండ్రి సారూ! తడిస్తే ఖరాబైతది. గా డబ్బా ఖరాబైతే మంచినీళ్లు బందయితయి. గందుకే వాన రాంగనే నేనే మూత పెడ్తున్న, వెలిసినంక తీస్తున్న" అంది.

స్వప్న ఆమె చెయ్యి పట్టుకుని సంగతి మెల్లగా చెప్పింది. లింగమ్మ మనవరాలి వైపు చూసింది.

"అయితే ముసురుల నా పోరికి బోరింగు నీళ్లు తాపింది నేనేనా, బిడ్డా?"

స్వప్న నా వైపు చూసింది.

"నువ్వు కాదు లింగమ్మా" అన్నాను. "డబ్బా పలకకుంటే నీళ్లు బంద్ చెయ్యుమని రాసింది మేము. నువ్వు దాన్ని కాపాడినవు."

ఆమె నమ్మిందో లేదో తెలియదు. డబ్బా తడిసినా పాడు కాదని చెప్పాను. అది మాత్రం అస్సలు నమ్మలేదు. చివరికి స్వప్న తిరుమలగిరి అంగట్లో ఒక ప్లాస్టిక్ టబ్బు కొనుక్కొచ్చి, ఇది బోర్లిస్తే సిగ్నల్‌కు అడ్డం రాదని ఆమె చేతికిచ్చింది.

ఆ వారమే నియమాలు మార్చాం. డబ్బా పలకకపోతే ఆ ఊరికి రోజూ పోయే నీళ్లు పోతూనే ఉండాలి, మేము ఊరికి ఫోన్ చేసి కనుక్కోవాలి. ఆలస్యంగా వచ్చిన కబురునూ చదవాలి. ట్యాంకు పొంగితే నాలుగు బిందెల నీళ్లు నేలపాలవుతాయి, అంతే. రిటైరయ్యేదాకా నేను కట్టిన ప్రతి వ్యవస్థలోనూ ఇదే మొదటి నియమం: కబురు ఆగితే ముందు మనుషులను అడగాలి, నీళ్లు ఆపకూడదు.