ముందు ఎక్కమన్నారు

కల్పలత కావాలనే విమానం తప్పించుకుందని పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న ఆమె అత్తవారి వైపు బంధువులు అన్నారు. భర్తకు దూరంగా కాపురం పెట్టిన మనిషి అతని శవాన్ని చూడడానికి మాత్రం ఎందుకు వస్తుందని వారి వాదన. పిల్లవాడి సంగతి విమాన సంస్థకు చెప్పకుండా దాచిందని మెట్టుగూడలో ఆమె ఇరుగుపొరుగు అన్నారు. నిద్రమందు తాగించి తీసుకెళ్లిందని, అది వికటించిందని రెజిమెంటల్ బజార్ దుకాణదారులు చెప్పుకున్నారు. అందరికన్నా ముందు ఎక్కించే సౌకర్యం ఇస్తామంటే కాదని గొడవ చేసిందని, ఆ ఉదయం వరుసలో నిలబడ్డ ఒకాయన తన ఫోనులో తీసిన వీడియో కింద రాసి లోకానికి వదిలాడు. రైళ్ల ఊళ్లో పుట్టినదానికి విమానం ఎందుకని అడిగినవారు కూడా ఉన్నారు. పోర్ట్ బ్లెయిర్‌కు రైలు పోదన్న సంగతి వారికి తట్టినట్టు లేదు.

వీటిలో ఒకటి రెండు చోట్ల సగం నిజం ఉంది. మిగిలినదంతా అబద్ధం. ఆ రోజు గేటు దగ్గర పనిచేసిన ఉద్యోగిని యామిని, విమానంలో నడవకు అవతలి సీటులో కూర్చున్న బన్సీలాల్‌పేట్ ఉపాధ్యాయురాలు సుకన్య, కల్పలత, ముగ్గురూ విడివిడిగా చెప్పిన విషయాలు ఒకదానితో ఒకటి సరిపోయాయి. కింద ఉన్నది ఆ సరిపోయినంత మేరకే.

కల్పలత రెజిమెంటల్ బజార్‌లో చీరలకు ఫాల్స్ కుట్టి, అంచులకు పీకో చేసే చిన్న దుకాణం నడుపుతుంది. ఆమె ఎవరితోనూ వాదించదు. ఫాల్ రంగు కలవలేదని ఒకామె చీర బల్ల మీద విసిరికొడితే, ఆ రంగు ఎంచుకున్నది ఆవిడే అయినా, మాట్లాడకుండా కుట్టు విప్పి మళ్లీ కుట్టి ఇస్తుంది. గిరాకీతో కొట్లాడి గెలిస్తే గిరాకీ పోతుందని ఆమె లెక్క. ఈ అలవాటు దుకాణంలో ఆమెకు మేలే చేసింది.

భర్త ఉదయ్ భాస్కర్ తాతలు శ్రీకాకుళం వైపు నుంచి అండమాన్ వెళ్లి స్థిరపడినవారు. పడవల ఇంజన్లు బాగుచేయడం వారి వృత్తి. అతను ఉద్యోగం కోసం సికింద్రాబాద్ వచ్చి, కల్పలతను పెళ్లి చేసుకుని, ఇక్కడే ఉండిపోదామనుకున్నాడు. కొడుకు భానుప్రకాశ్‌కు మూడేళ్లు నిండినా మాట రాలేదు, పిలిస్తే తిరిగి చూడలేదు. ఆటిజం అని తేలింది. అదే రోజుల్లో అక్కడ తండ్రి పోవడంతో, అన్నది వేరే ఉద్యోగం కావడంతో, ఇంజన్ల షెడ్డు చూసేవారు లేక ఉదయ్ భాస్కర్ వెనక్కి వెళ్లవలసి వచ్చింది. పిల్లవాడికి కావలసిన బడి, మాట నేర్పేవారు ఈ ఊళ్లో ఉన్నారు కనుక తల్లీకొడుకులు ఇక్కడ ఉన్నారు. అతను ఏటా వచ్చేవాడు, రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. వేరు కాపురం అన్న మాట వెనక ఉన్న నిజం ఇంతే.

పదకొండేళ్ల భానుకు జనం అంటే భయం లేదు. జనం తనను రాసుకుంటూ దాటిపోవడం భరించలేడు. ఎంఎంటీఎస్ రైలు వస్తే తల్లీకొడుకులు అందరినీ ఎక్కనిచ్చి, చివర ఎక్కి, తలుపు దగ్గర నిలబడేవారు. ఒక వేసవిలో తండ్రి దగ్గరికి విమానంలో వెళ్లినప్పుడు కూడా అక్కడి సిబ్బందిని అడిగి చివరనే ఎక్కారు. పిల్లవాడు దారి పొడుగునా కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. ఈ సంగతి ముఖ్యం. ఏది పనిచేస్తుందో ఆమెకు ఊహ కాదు, అనుభవం.

ఉదయ్ భాస్కర్ ఒక మధ్యాహ్నం షెడ్డులో ఇంజన్ విప్పుతూ కూలిపోయాడు. ఆసుపత్రికి చేరేసరికి ప్రాణం లేదు. అన్న రామభద్రరావు ఫోన్ చేశాడు. శవాన్ని మర్నాడు సాయంత్రం వరకు ఉంచగలమని, అంతకుమించి కుదరదని చెప్పాడు. తర్వాత అడిగాడు.

"తలకొరివి నన్నే పెట్టెయ్యమంటారు మనోళ్లంతా. అమ్మ ఒక్కతే ఒప్పుకోట్లేదు, మనవడొచ్చేదాకా ముట్టించొద్దంటంది. కుర్రాడు చెయ్యగలడా అమ్మాయ్?"

"చేస్తడు బావగారూ. చెయ్యి నేను పట్టుకుంట. మీరు జెర ఆపుండ్రి, అంతే."

"ఆపుతాంలే. కానీ రేపు సాయంత్రం దాటితే నా చేతుల్లో ఉండదు."

ఆ ఇంట్లో భానును ఎన్నడూ మనవడిగా లెక్కపెట్టలేదు. గృహప్రవేశంలో వెనక గదిలో కూర్చోబెట్టారు. తాత కర్మల నాడు చుట్టాల కంట పడకుండా పక్కింటికి పంపారు. అది వారి దుర్మార్గం అనడం తేలిక. వారికి తెలియనితనం, సిగ్గు, రెండూ ఉన్నాయి. తండ్రి చితికి నిప్పు పెట్టిన కొడుకును ఆ తర్వాత ఎవరూ వెనక గదిలో కూర్చోబెట్టలేరని కల్పలత నమ్మింది. అత్త రాజ్యం కూడా అదే నమ్మి పట్టుబట్టింది. ఆ ప్రయాణంలో పణంగా ఉన్నది అదే.

మర్నాటి ఉదయం విమానానికి టికెట్లు దొరికాయి. ఆమె సంస్థకు ఫోన్ చేసి, కొడుకుకు ఆటిజం ఉందని, అందరూ ఎక్కాక తమను ఎక్కించాలని చెప్పింది. అవతలి మనిషి సరే, రాసుకున్నామన్నాడు. అతను రాసింది సహాయం కావాలన్నంత వరకే. ఏ సహాయమో గేటుకు చేరలేదు. ఆమె ముందు వరుసలోనే సీట్లు తీసుకుంది. చివర లోపలికి వచ్చినవారికి నాలుగడుగుల్లో కూర్చునే వీలుంటుందని. కిటికీ సీటు అప్పటికే వేరే ఎవరిదో అయిపోయింది. మధ్యది, నడవ పక్కది మిగిలాయి.

మందు సంగతి. దగ్గు మందు పోస్తే పడుకుంటాడని పక్కింటావిడ సలహా ఇచ్చిన మాట నిజం. కల్పలత పోయలేదు. డాక్టరు రాసిచ్చిన రోజువారీ మాత్ర మామూలుగా వేసింది.

ఆ తెల్లవారుజామున ఇంటి నుంచి విమానాశ్రయం దాకా ఆమె కొడుకుకు ఒకే మాట చెబుతూ వచ్చింది: అందరు ఎక్కినంక మనం. భాను ఏ మాటైనా పట్టుకుంటే వదలడు. ఏది ముందో ఏది తర్వాతో తెలిస్తే నిబ్బరంగా ఉంటాడు. బ్యాగులు ఇచ్చే కౌంటరులో ఆమె మళ్లీ చెప్పింది. గేటులో చెప్పమన్నారు. గేటు దగ్గర యామినికి చెప్పింది.

యామినిని దుష్టురాలిగా చూపించడం అన్యాయం. అంతకు కొద్దికాలం ముందు ఇలాంటి పిల్లవాడున్న మరో కుటుంబాన్ని చివర దాకా నిలబెట్టారని సంస్థ మీద ఫిర్యాదు వెళ్లింది. దాంతో ప్రత్యేక అవసరాలున్నవారిని తప్పనిసరిగా ముందు ఎక్కించాలని సిబ్బందికి గట్టిగా చెప్పారు. ఆమె ఆ ఆదేశాన్ని మనస్ఫూర్తిగానే పాటించింది.

"మేడం, ఈ ఫెసిలిటీ మీ కోసమే పెట్టింది. ఫస్ట్ మీరే వెళ్లాలి."

"వద్దమ్మా. మావోడు లోపల కూసోని అందరు మీదికెళ్లి పోతుంటే ఉండలేడు. ఆఖర్ల పంపియ్యి."

"లాస్ట్‌లో పంపిస్తే నేనే మిమ్మల్ని ఆపినట్టు అవుతది మేడం, నా మీదికొస్తది. ఇప్పుడు వెళ్లకపోతే, తర్వాత గేట్ క్లోజ్ చేశారంటే నేనేం చేయలేను."

వరుసలో ముందున్న ఒకాయన ఫోను ఎత్తి పట్టుకుని నవ్వాడు. "ముందల పొమ్మంటే గింత నఖరా ఏందక్కా? మాకు చెప్తే ఉరుకుతుంటిమి." వెనక ఇద్దరు ముగ్గురు నవ్వారు.

 గేటు మూసేస్తే అన్న మాట కల్పలతలో పనిచేసింది. విమానం తప్పితే సాయంత్రం తప్పుతుంది. ఆమె కొడుకు చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది. ఆ వీడియోలో ఆమె గొంతు పెద్దది కావడం ఎక్కడా వినిపించదు. అది చూసినవారిలో ఎందరు విన్నారో చెప్పలేం.

ఖాళీ విమానంలో భాను నడవ పక్క సీటులో కూర్చున్నాడు. ఇద్దరు మనుషుల మధ్య ఇరుక్కుని కూర్చోలేడు కనుక తల్లి మధ్య సీటు తీసుకుంది. చివర ఎక్కేవారికి అనుకూలమని ఎంచిన సీటు, ముందు ఎక్కినవారికి అన్నిటికన్నా చెడ్డదైంది. విమానం నిండే వరకు లోపలికి వచ్చే ప్రతి మనిషీ, ప్రతి సంచీ అతని భుజాన్ని దాటే పోవాలి. వెనక ఎక్కడైనా సీటు మార్చమని ఆమె అడిగింది. ఒక్కటీ ఖాళీ లేదన్నారు. అది నిజమే.

మొదటి ప్రయాణికులు రావడం మొదలైంది. భాను తల్లి వైపు చూసి అన్నాడు.

"అందరు ఎక్కినంక."

"అవు బిడ్డా. జెర ఓర్చుకో."

"అందరు ఎక్కినంక మనం."

అతను ఆ మాట అంటూనే ఉన్నాడని సుకన్య చెప్పింది. మొదట మామూలుగా, తర్వాత రెండు చేతులతో చెవులు మూసుకుని, తర్వాత ముందు సీటును కాళ్లతో తన్నుతూ. కల్పలత తన దుపట్టా అతని భుజం మీద కప్పి, నడవ వైపు చెయ్యి అడ్డుపెట్టింది. సంచులు ఆమె చేతిని కొట్టుకుంటూ పోయాయి. ఇంతలో కిటికీ సీటు పెద్దాయన వచ్చాడు. ఆయన లోపలికి పోవాలంటే ఇద్దరూ లేవాలి. పిల్లవాడు లేవలేదు. ఆయన కోప్పడకుండా, జేబులోంచి చాక్లెట్ తీసి, బుజ్జగింపుగా అతని చెంప తట్టాడు. భాను ఆ చేతిని కొరికాడు. రక్తం వచ్చింది.

తర్వాత జరిగినదానికి ఎక్కువ సమయం పట్టలేదు. పిల్లవాడు కింద పడి తల నేలకు కొట్టుకోసాగాడు. తల్లి తన అరచెయ్యి అతని తల కింద పెట్టింది. తలుపు మూసి విమానం కదిలితే ఊరుకుంటాడని, ఆ చప్పుడు వాడికి ఇష్టమని సిబ్బందికి చెప్పింది. సీటులో కూర్చోకుండా, బెల్టు కట్టుకోకుండా ఉన్న ప్రయాణికుడితో విమానం కదలదు. పైగా ఒకరు గాయపడ్డారు. కెప్టెన్ ఇద్దరినీ దింపమన్నాడు. ఆయన కళ్లకు కనిపించినంత మేరకు ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. తప్పు జరిగిన చోటు విమానం లోపల కాదు, గేటు దగ్గర. ఒక సౌకర్యాన్ని కోరినవారి అవసరంగా కాక, తీసుకుని తీరవలసిన ఆజ్ఞగా అమలు చేసిన చోట.

కల్పలత కొడుకును కొట్టిందని కూడా కొందరు అన్నారు. అది నిజం. దింపాక, బయటికి వచ్చే దారిలో, చెంప మీద ఒక్క దెబ్బ. అది చూసినవారు ఉన్నారు, ఆమె కూడా కాదనలేదు.

మరుసటి విమానంలో పంపమని ఆమె అడిగింది. పిల్లవాడు ప్రయాణానికి తగిన స్థితిలో ఉన్నాడని డాక్టరు కాగితం తెస్తేగాని కుదరదన్నారు. ఆ రోజు ఆదివారం. భానును చూసే డాక్టరు ఊళ్లో లేడు. తెలియని డాక్టరు రాసివ్వడానికి ఒప్పుకోలేదు. ఆమె బావగారికి ఫోన్ చేసి మర్నాటి దాకా ఆగమంది. ముందు వద్దన్నది ఆయన కాదు, ఆయన వెనక ఉన్న పెద్దలు. సాయంత్రానికి రామభద్రరావు తమ్ముడి చితికి నిప్పు పెట్టాడు.

ఆ సమయంలో ఆయన వీడియో కాల్ చేశాడు, పిల్లవాడికి చూపించమని. కల్పలత ఫోన్ ఎత్తలేదు. పట్టింపు లేక ఎత్తలేదని అక్కడివారు అర్థం చేసుకున్నారు. అలసిపోయి భాను నిద్రలో ఉన్నాడని, లేపితే ఆ తెరలో మంటను చూసి వాడు ఏమనుకుంటాడో తనకు తెలియలేదని ఆమె చెప్పింది. ఈ రెండింటిలో రెండోదాన్ని నమ్మడానికి కారణాలు ఉన్నాయి. ఎత్తి ఉండవలసిందా అన్నది వేరే ప్రశ్న. 

కర్మలు ముగిశాక ఏటేటా పెట్టవలసిన ఆబ్దికం కూడా అన్నగారే పెడతారని, పిల్లవాణ్ణి తీసుకురానక్కరలేదని కబురు వచ్చింది. రాజ్యం ఈసారి ఏమీ అనలేదు. పట్టుబట్టడానికి ఆమె చేతిలో ఉన్న ఒక్క అవకాశం అయిపోయింది. సంస్థ కల్పలతకు క్షమాపణ పంపింది. మీకు ముందుగా ఎక్కే వీలు కల్పించినా కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని అందులో ఉంది.

భాను ఇప్పుడు ఎంఎంటీఎస్ కూడా ఎక్కడు. స్టేషన్ మెట్ల దగ్గరే కూర్చుండిపోతాడు. అతన్ని బడికి ఆటోలో తీసుకెళ్లి వచ్చి, ఆమె ఆలస్యంగా దుకాణం తెరుస్తుంది.

కల్పలత ఏమీ దాచలేదు. మందు పోయలేదు. గొడవ చేయలేదు. భర్త దహనానికి పోవడం ఇష్టంలేక ఆగిపోలేదు. తన కొడుకుకు ఏది పనిచేస్తుందో ఆమెకు తెలుసు. దాన్ని ఫోనులో, కౌంటరులో, గేటులో మర్యాదగా చెప్పింది. కాదన్నప్పుడు, తెలిసి తెలిసి, ఎదుటివారి మాట విని, కొడుకుకు తెల్లవారుజాము నుంచి ఇస్తూ వచ్చిన మాట తప్పి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. గేటు దగ్గరే మొండికేసి కూర్చుని ఉంటే చేరేవారో, మిగిలిపోయేవారో ఎవరూ చెప్పలేరు. ఆమె చేసింది మాత్రం చెప్పిన మాట వినడం.