ఎర్ర సున్నా చుట్టిన అతుకు

ఆదివారం ఉదయం ఎదురింటి పిన్నిగారు ఫోన్ చేసి, మాస్టారు నిద్రలోనే పోయారని చెప్పారు. "అదేంటండీ, పదిన్నరకి మా ఇంటికి వస్తానన్నారుగా" అన్నాను. ఎంత తెలివితక్కువ మాటో అన్నాక తెలిసింది. ముందు రోజు సాయంత్రమే మా ఇంట్లో కూర్చుని, కాఫీలో పంచదార ఎక్కువైందని నన్ను కసిరిన మనిషి. ఎలా నమ్మను?

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరయ్యాక విజయవాడలో మా వీధిలోనే ఇల్లు కట్టుకున్నారాయన. నేను కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ చూస్తాను. ల్యాబ్‌లో పవర్ సప్లై చెడిపోయిందని వాపోతే, "కొనడమెందుకమ్మా, చేద్దాం" అన్నారు. ట్రాన్స్‌ఫార్మరు, డయోడ్లు, కరెంటు నిల్వ ఉంచే పెద్ద కెపాసిటరు, ఓల్టేజీని నిలబెట్టే ఐసీ. నెలన్నరగా ఆదివారాలన్నీ వీటికే పోయాయి. సర్క్యూట్ కార్డు మీద నేను వేసిన టంకం అతుకుల్ని భూతద్దంలో చూసి, అనుమానం వచ్చినదాని చుట్టూ ఎర్ర స్కెచ్ పెన్నుతో సున్నా చుట్టేవారు. చూస్తే నా పదో తరగతి లెక్కల పేపరు గుర్తొచ్చేది. "పార్టును తిట్టే ముందు మన చేతిని అనుమానించుకోవాలమ్మా" అనేవారు. నాకు ఒళ్లు మండేది.

చివరికి పెట్టె తయారైంది. ఏమీ తగిలించకపోతే పన్నెండు ఓల్టులు ఇచ్చేది, కారు బల్బు తగిలిస్తే ఏడుకి పడిపోయేది. ఐసీ రెండుసార్లు మార్చాను. నా అతుకులన్నీ మళ్లీ వేశాను. పెద్ద కెపాసిటరువి మాత్రం ముట్టుకోలేదు, అవి మాస్టారు వేసినవి. శనివారం ఆయన భూతద్దం పట్టుకుని చాలాసేపు చూశారు. నేను కాఫీ తెచ్చేసరికి మూత పెట్టేశారు, తాగి లేచారు.

"రేపు నేనొచ్చేదాకా ఏదీ కదపకు" అన్నారు.

అంత్యక్రియలకి ఆయన్ని సొంతూరు చల్లపల్లి తీసుకెళ్లారు. వెనకే నేనెక్కిన బస్సు ఉయ్యూరు దాటేదాకా నాకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. ఏం కనిపెట్టారో చెప్పి వెళ్లొచ్చుగా.

పదకొండో రోజు భోజనాలకి వెళ్లొచ్చాక మూత విప్పాను. కొత్త సున్నా ఒక్కటే ఉంది, పెద్ద కెపాసిటరు కాలి చుట్టూ. అది ఆయన అతుకే. పైకి బాగానే ఉంది గానీ, వేలితో కదిపితే కాలు లోపల ఆడింది. నేను అనుమానించలేకపోయిన చేతిని ఆయనే అనుమానించుకున్నారు. నాతో చెప్పడానికి మొహమాటపడ్డారు కాబోలు.

"కదుపుతున్నానండీ, మాస్టారూ" అని పైకే అని, సోల్డరింగ్ ఐరన్ ఆనించాను. కారు బల్బు తగిలించాను. మీటరు ముల్లు పన్నెండు దగ్గర నిలబడింది. బల్బు ముట్టుకోలేనంత వేడెక్కేదాకా చూస్తూ కూర్చున్నాను, ముల్లు కదల్లేదు.

మూత ఇంకా బిగించలేదు. బల్బు వెలుగులో ఆ ఎర్ర సున్నా ఇప్పుడే చుట్టినట్టుంది.