ఫ్లెక్సీలో నేనొక్కదాన్నే

పదో తరగతి ఫలితాలు వచ్చిన మరుసటి రోజు, మా ఊళ్లోంచి పుంగనూరు పోయే రోడ్డు మలుపులో నా ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. 'స్కూల్ ఫస్ట్' అని పెద్ద అక్షరాలు. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం. మా సర్కారు బడిలో నా గొప్ప అంతే. మా నాన్న మాత్రం ఆటో ఎక్కినవాళ్లందరికీ అక్కడ బండి ఆపి మరీ చూపించాడు.

నాకు ఆ ఫ్లెక్సీలో నా పక్కన ఖాళీయే కనిపించింది. అక్కడ ఉండాల్సింది నా స్నేహితురాలు. ఒకటో తరగతి నుంచి నాదీ ఆమెదీ ఒకే బెంచీ. పుంగనూరు కాలేజీకి ఒకే బస్సులో పోవాలని, కిటికీ సీటు చెరో రోజని తీర్మానించుకున్నాం కూడా. ఆమె లెక్కల్లో తప్పింది.

తప్పక ఏం చేస్తుంది? లెక్కలు మొదటి పీరియడ్. వాళ్లకు రెండావులు. పాలు పిండి, సెంటర్లో పోసి, పేడ ఎత్తి ఆమె బడికొచ్చేసరికి సారు బోర్డు తుడిచేస్తుండేవాడు. మిగతా సబ్జెక్టులన్నింట్లో నాకు గట్టి పోటీ. మాకు ఆవుల్లేవు. నా తెలివిలో సగం అదే.

సప్లిమెంటరీ రాయమని చెప్పడానికి వాళ్లింటికి పోయాను. కొట్టంలో మూడో ఆవు కట్టేసి ఉంది.

"నేనింక ఇంట్లోనే ఉంటా గదా అని మా నాయన పట్టుకొచ్చినాడు మే," అంది. "నేను పరీచ్చకు పోతే దీన్నెవురు సూస్తారు?"

ఆ ఆవు మీద నాకెంత కోపమొచ్చిందో! అదేం చేసింది పాపం, నెమరేస్తూ నా వైపు చూసింది.

కాలేజీ బస్సులో కిటికీ సీటు రోజూ నాదే అయింది. ఇప్పుడు కుప్పంలో డిగ్రీ. హాస్టల్ గదినిండా పిల్లలే, అయినా పొద్దున లేవగానే ఎవరూ లేనట్టే ఉంటుంది.

మొన్న సెలవులకు వచ్చి ఆమె దగ్గరికి పోయాను. పాలు పిండుతోంది. కొట్టంలో రేకు పగిలినచోట, పైనుంచి నా మొహమే నన్ను చూస్తోంది. అప్పట్లో గాలివానకు రోడ్డున పడిన ఫ్లెక్సీని తెచ్చి కప్పిందట.

"బొమ్మ బయటికి పెడితే ఎండకు ఎలిసిపోతాదని లోపలికి తిప్పి కట్టినా," అంది తలెత్తకుండా. "పొద్దున్నే నీతో మాట్లాడతా పిండుకుంటా."

"నేనేమంటాను?" అన్నాను.

"నువ్వా? నువ్వేం మాట్లాడవు మే. ఊరికే నవ్వుతా ఉంటావు."