అవ్వ బొమ్మ

శేషారత్నంతోని లొల్లేందంటే, ఎదుటోళ్లు నోరు తెరవకముందే ఆమెకు అంత సమజైతది. "అర్థమైందిలేమ్మా, సాయంత్రం రా" అంటది, అయిపాయె. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల కింద ఆమెవి గిఫ్టు బొమ్మలు, పక్కన నావి క్లిప్పులు, రిబ్బన్లు. గుంటూరు దిక్కు మనిషి. పెనిమిటి పోయినంక మలక్‌పేటల ఒక్కతే కిరాయికుంటది. బొటనవేలంత కొయ్యబొమ్మకు గూడ కండ్లు, ముక్కు, మూతి దిద్దుతది. కింద పేరు రాస్తది. చెయ్యి బంగారం, చెవులే పనిజెయ్యవు.

మొన్న పొద్దుగాల జ్యోతిక అని ఒక పిల్ల వచ్చింది. నల్లగొండ దిక్కుది, ఇక్కడ హాస్టల్ల ఉండి కోచింగుకు పోతది.

"ఆంటీ, మా అవ్వకు ఇయ్యాలె. మంచి బొమ్మ చేసి, కింద 'మా అవ్వ' అని రాయి" అన్నది.

శేషారత్నం అప్పటికే కుంచె ముంచుకొని కూసున్నది. ఆ పిల్ల నా దగ్గర క్లిప్పులు ఏరుకుంట మెల్లగ చెప్పింది. కన్నతల్లి కాదంట, నాయిన రెండో పెండ్లి చేసుకున్నామె. పెంచింది ఆమెనే. ఇన్నేండ్లు చిన్నమ్మ అనే పిలిచిందంట. పోయిన నెల తనకు డెంగీ ఒచ్చి దవాఖానల పడితే, ఆమె మంచం పక్కనుంచి లేవలేదట.

"ఇయ్యాల ఊరికి పోతుందక్కా. అవ్వా అని పిలుద్దామంటే నోరు వస్తలేదు. బొమ్మ ఇస్తే అదే చదువుకుంటది" అన్నది. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

సాయంత్రం బొమ్మను చూసి పిల్ల మొఖం చిన్నబోయింది. తెల్లజుట్టు, ముడతలు, చేతిల కర్ర!

"ఏం తల్లీ, అవ్వ బాలేదా?" అంటది శేషారత్నం.

నాకు ఒళ్లు మండింది. "ఓ రత్నమ్మా! మీ దిక్కు అవ్వంటే ముసలామె, మా దిక్కు అవ్వంటే అమ్మ! జర అడిగితే నోటి ముత్యాలు రాలుతయా?"

"అయ్యో, నా మతి మండా! ఇక్కడ పిల్లలంతా మమ్మీ అంటారు, నాకేం తెలుసే!"

పాపం, ఆమె గబగబ కుంచె అందుకున్నది. నల్లరంగు డబ్బ మూత తీస్తుండంగనే, సంచి పట్టుకొని ఆ తల్లి రానే వచ్చింది. నలభై ఏండ్లు గూడ ఉండవు.

"ఎల్‌బీ నగర్ల బస్సు పోతది బిడ్డా, నడువు" అనుకుంట బొమ్మను చూసింది. "గీ ముసల్ది ఎవలే?"

పిల్ల బొమ్మను ఆమె దిక్కు చాపింది. "నువ్వే, అవ్వా."

ఆమె ఉన్నకాడ్నే నిలవడ్డది. సంచి కింద పెట్టి బొమ్మను అందుకున్నది.

"ఇటివ్వమ్మా, తప్పు నాదే. జుట్టు నల్లగా చేసిస్తా" అని శేషారత్నం చెయ్యి చాపింది.

ఆమె బొమ్మను కొంగుల దాసుకున్నది.

"వద్దమ్మా, రంగెయ్యకు. గింత ముసల్దాన్నయ్యేదాంక నా బిడ్డ నన్ను అవ్వా అనాలె."