మచ్చలేని డిస్పోజర్

1982 వేసవి చివర షికాగో పక్కన ఉన్న ఒక డిస్పోజర్ల కంపెనీలో నేను జూనియర్ టెస్ట్ ఇంజనీరుగా చేరాను. డిస్పోజర్ అంటే వంటింటి సింకు కింద బిగించే మోటారు యంత్రం. తినగా మిగిలినది సింకు కంతలోకి తోసి, కుళాయి తిప్పి, స్విచ్చి వేస్తే అది నలిగి నీళ్లతో పాటు మురుగు గొట్టంలోకి పోతుంది. మా ప్రయోగశాలలో రోజంతా పశువుల పక్కటెముకలు, క్యారెట్లు, సెలరీ కాడలు అందులో వేసి, బయటికి వచ్చిన పిప్పిని జల్లెడ పట్టి తూచేవాళ్లం. నీటి ప్రవాహాల మీద ఎం.ఎస్. చేసింది ఇందుకా అని అడిగే బంధువులు దగ్గర్లో లేకపోవడం నా అదృష్టం.

జూనియర్ పైన సీనియర్, ఆ పైన సెక్షన్ హెడ్. ఫిర్యాదు వచ్చిన ఇళ్లకు మామూలుగా సీనియర్లే వెళ్లేవారు. వెళ్లినవారు కారణాన్ని మూడు వర్గాలలో ఒకదాని కింద తేల్చాలి: తయారీ లోపం, వాడకంలో తప్పు, బిగింపు లోపం. మొదటిదైతే కంపెనీది బాధ్యత, రెండోదైతే ఇంట్లో ఉన్నవాళ్లది, మూడోదైతే ఇంటి యజమానిది. తీర్పు చిన్నదే గానీ దానికి అప్పీలు ఉండేది కాదు.

ఒక రోజు మా సెక్షన్ హెడ్ వాల్టర్ నా బల్ల మీద ఒక ఫిర్యాదు కాగితం పడేశాడు. షామ్‌బర్గ్‌లో ఒక అపార్ట్‌మెంట్. వంటింటి సింకులో నీళ్లు దిగడం లేదు. అద్దెకున్నాయన పేరు ప్రసాద్. "మీవాళ్లలా ఉన్నారు, నువ్వెళ్లు" అన్నాడు. నా ప్రతిభను గుర్తించాడనుకున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొత్త పనిముట్ల పెట్టె, రెండు పేజీల ప్రశ్నావళి పట్టుకుని బయల్దేరాను. ప్రశ్నావళి నేను స్వయంగా తయారు చేసినది. వర్గాలు, ఉపవర్గాలు ఉన్నాయి.

తలుపు దగ్గరే అపార్ట్‌మెంట్ మేనేజరు మిసెస్ కెల్లర్ నిలబడి ఉంది. ఆమె విషయం దాచలేదు. ఆ ఇంటి లీజు నెలాఖరుతో ముగుస్తుంది. ప్లంబరు రెండుసార్లు వచ్చి గొట్టం శుభ్రం చేసి వెళ్లాడు, మళ్లీ అదే కథ. తప్పు వీళ్ల వాడకానిదేనని కంపెనీ ఇంజనీరు రాస్తే లీజు పొడిగించేది లేదు.

ఆమె వెళ్లగానే ప్రసాద్‌గారు గొంతు తగ్గించి చెప్పారు. "మూర్తిగారూ, మా ఆవిడకి ఇప్పుడు ఏడో నెల. ఈ టైంలో ఇల్లు షిఫ్ట్ చెయ్యకూడదని మా అత్తగారు ఫోన్‌లో ఒకటే గోల. డెలివరీకి ఆవిడే వస్తున్నారు, టికెట్ కూడా బుక్ చేశాం. కాస్త చూసి రాయండి."

"సాక్ష్యం ఎటు చూపిస్తే అటు రాస్తానండీ" అన్నాను. అప్పుడు నా వయసు ఇరవై ఆరు. అది తప్ప ఆ మాటకు వేరే సంజాయిషీ లేదు.

ప్రసాద్‌గారి భార్య సుభద్రగారు నా ముందు ఇడ్లీల పళ్లెం పెట్టి, నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు. నేను తింటూనే ప్రశ్నలు మొదలుపెట్టాను.

"డిస్పోజర్‌లో బంగాళాదుంప తొక్కలు వేస్తారా?"

"లేదన్నయ్యగారూ."

"కాఫీ పిప్పి?"

"లేదు."

"ఎముకలు?"

ఆవిడ నిలబడ్డచోటి నుంచే భర్తకు కేకేశారు. "ఏమండీ, విన్నారా? ఈయన మనింట్లో ఎముకలంటున్నారు!"

"ప్రశ్న అందరికీ ఒకటేనండీ" అని సర్దుకున్నాను. "పోనీ, మునక్కాయ పిప్పి?"

"ఇక్కడ మునక్కాయలు ఎక్కడ దొరుకుతున్నాయి? దొరికితే చెప్పండి, ముందు మీకే పులుసు పెడతాను."

అన్నిటికీ సమాధానం ఒకటే, "లేదు" అని. "ఇంటివారు జాగ్రత్తపరులు, నమ్మదగినవారు" అని రాసుకుని మరో రెండు ఇడ్లీలు పెట్టించుకున్నాను. దూదిలా ఉన్నాయి.

తరువాత పరీక్ష. అది రెండు తొట్ల సింకు. ఒక తొట్టి కింద డిస్పోజర్, రెండోదాని కింద ఉత్త గొట్టం. రెండు దారులూ కింద కలిసి, వంపు తిరిగిన ఒక గొట్టం గుండా గోడలోకి పోతాయి. ఆ వంపులో ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలిచి దుర్వాసనను ఆపుతాయి. దాన్ని ట్రాప్ అంటారు. దాని కింద బకెట్ పెట్టి, మరలు విప్పి, ట్రాప్ ఊడదీశాను. నల్లటి మురికి నీళ్లు బకెట్లోకి దిగాయి. అంతవరకు పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే జరిగింది. అప్పుడు ఆ బకెట్ ఎత్తి సింకులో గుమ్మరించాను.

ట్రాప్ నా చేతిలోనే ఉంది. గుమ్మరించిన నీళ్లకు నా బూట్లు తప్ప వేరే దారి లేదు.

ప్రసాద్‌గారు మర్యాదస్తులు, కిటికీ వైపు తిరిగారు. సుభద్రగారు పాత తువ్వాలు తెచ్చి ఇస్తూ, "మీ కంపెనీలో ఇలాగే చేస్తారా అన్నయ్యగారూ?" అని అడిగారు. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

తువ్వాలుతో నేల తుడుస్తుంటే అందులో చిన్న చిన్న నల్లటి పొరలు అంటుకున్నాయి. నా ముఖం వెలిగింది. సింకు కంతలో, తునకలు పైకి ఎగరకుండా, నల్లటి రబ్బరు మూత ఒకటి ఉంటుంది. అది పొరలు పొరలుగా రాలుతోందన్నమాట! తయారీ లోపం. అంటే ఈ దంపతులకు లీజు దొరుకుతుంది, నాకు పేరు వస్తుంది. పొరలను నమూనా సంచిలో వేసుకుని, డిస్పోజర్ కూడా దించి విప్పి చూశాను. లోపల అద్దంలా ఉంది. నలగ్గొట్టే లోహపు ముక్కల మీద ఫ్యాక్టరీలో పూసిన నూనె పొర కూడా చెక్కుచెదరలేదు.

నివేదికలో రెండు అంశాలు రాశాను. ఒకటి, రబ్బరు మూత శిథిలమవుతోంది. రెండు, ఈ మోడల్‌కు తనను తాను శుభ్రం చేసుకునే గుణం అసాధారణంగా ఉంది, నూనె పొర సైతం భద్రంగా ఉంది. ఈ రెండో వాక్యం అమ్మకాల విభాగానికి తెగ నచ్చింది. ప్రకటనలో వాడుకోవచ్చా అని ఒకాయన ఫోన్ చేశాడు. నేను పెద్ద మనసుతో సరేనన్నాను.

వాల్టర్‌కు మాత్రం మొదటి అంశం మింగుడు పడలేదు. "మూత విప్పి చూశావుగా, అది ఎలా ఉంది?" అన్నాడు. బాగానే ఉందన్నాను. "మరి రాలిన రబ్బరు ఎక్కడిది?" నేను అచ్చు పోసేటప్పుడు అంచున మిగిలే అదనపు రబ్బరు గురించి ఒక సిద్ధాంతం చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, పట్టకారు, బున్సెన్ బర్నరు నా ముందుకు జరిపాడు. రబ్బరును పోల్చడానికి అన్నిటికంటే చవకైన పరీక్ష కాల్చి వాసన చూడడం.

ఒక పొరను మంటలో పెట్టాను. రబ్బరు కంపు రాలేదు. పోపులో మినప్పప్పు మాడితే వచ్చే వాసన గది నిండా కమ్ముకుంది.

"రబ్బరు ఇంత కమ్మగా ఉంటుందని తెలియదు. ఏమిటిది?" అన్నాడు వాల్టర్.

"బ్రేక్‌ఫాస్ట్" అన్నాను.

మరునాడు, ఈసారి పాత బూట్లతో, షామ్‌బర్గ్ వెళ్లాను. "ఇడ్లీ పప్పు పొట్టు ఎక్కడ పారబోస్తారండీ?" అని అడిగాను.

"పొట్టా? పప్పు నానాక నాలుగైదు నీళ్లు కడిగితే అదే తేలి పోతుందిగా. వీళ్లు పొట్టు తీసిన పప్పు అమ్ముతారు గానీ, దాంతో ఇడ్లీ మెత్తగా రాదు" అంటూ సుభద్రగారు రెండో తొట్టి చూపించారు, డిస్పోజర్ లేనిది.

"మరి మిషను ఉన్న వైపు?"

"అటు నేను వెళ్లనండీ బాబూ! ఇంట్లో దిగిన రోజు స్విచ్చి వేస్తే సింహంలా అరిచింది. ఆ తరువాత అందులో గ్లాసు కూడా తొలవలేదు."

"మొన్న చెప్పలేదేమండీ?"

"అందులో ఏం వేస్తారని అడిగారు. ఏమీ వెయ్యనన్నాను. ఇంకెలా చెప్పమంటారు?"

నూనె పొర ఎందుకు భద్రంగా ఉందో అప్పుడు అర్థమైంది. ఆ యంత్రం పుట్టాక ఒక్క మెతుకు నలగ్గొట్టలేదు. మన ఆడవాళ్లు అన్నాన్ని మోటారులో వేసి తిప్పుతారని ఊహించిన తెలుగువాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

నా పరువు సంగతి అలా ఉంచితే, వాళ్ల ఇల్లు ఇప్పుడు నిజంగా ప్రమాదంలో పడింది. గోడలోకి పొడవాటి స్ప్రింగు తీగ దూర్చి తిప్పితే పొట్టు ముద్దలు ముద్దలుగా వచ్చింది. అప్పుడే లోపలికి వచ్చిన మిసెస్ కెల్లర్ ఆ ముద్దల వంక చూసి, "ఇంకేం కావాలి? వాడకంలో తప్పు" అంది. సుభద్రగారు కుర్చీలో కూర్చుండిపోయారు. ప్రసాద్‌గారు నా వైపు చూశారు.

నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఇప్పటికే ఒకసారి తొందరపడ్డాను కనుక, గొట్టం పూర్తిగా శుభ్రమయ్యాక రెండు తొట్లూ నింపి వదిలాను. మునుపటికంటే నయమే గానీ, నీళ్లు ఇంకా మెల్లగానే దిగుతున్నాయి. పొట్టు లేకుండా కూడా సరిగా దిగడం లేదంటే అసలు దోషి పొట్టు కాదు, ఆగిన నీళ్లలో వచ్చి చేరిన అతిథి మాత్రమే. మట్టం పరికరం తీసి, గోడలోకి వెళ్లే గొట్టం మీద పెట్టాను. అడుగుకు పావు అంగుళం చొప్పున గోడ వైపు వాలి ఉండాల్సిన గొట్టం సింకు వైపు వాలి ఉంది. నీళ్లు ఎదురెక్కి వెళ్లాలన్నమాట.

ఒక్క గొట్టంతో తీర్పు చెప్పకూడదని, పై అంతస్తులో అదే నమూనా ఇల్లు చూడాలన్నాను. మిసెస్ కెల్లర్ ఇష్టం లేకుండానే తీసుకెళ్లింది. అక్కడ ఒక ముసలాయన ఒంటరిగా ఉంటున్నాడు. డబ్బా సూప్ తప్ప ఏమీ వండడు. "మీ సింకు ఎలా ఉంది?" అని అడిగాను. "రెండేళ్లుగా చెబుతున్నా, పట్టించుకునే నాథుడు లేడు" అని ఆయన ఆమె వైపే చూశాడు. గొట్టం వాలు అక్కడా తప్పే.

బిగింపు లోపం అని రాశాను. పొట్టు సంగతి దాచలేదు. రెండో పేరాలో అది అడ్డంకిని త్వరగా పెంచిందని, ఇక మీదట పల్చటి బట్టలో వడకట్టి పారబోయాలని రాశాను. మిసెస్ కెల్లర్ అక్కడే నిలబడి రెండు పేరాలూ చదివింది. "అయితే తప్పు రెండు వైపులా ఉంది" అంది. ఉందన్నాను, కానీ వాళ్లు తమ వంతు సాయంత్రానికల్లా మానేయగలరు, గొట్టం దానంతటది వాలదన్నాను. గొట్టాలు ఆ నెలలోనే మార్చారు. లీజు మరో ఏడాదికి పొడిగించారు. సుభద్రగారి అమ్మగారు నేరుగా ఆ ఇంటికే వచ్చారు, పురుడు అక్కడే పోశారు.

అమ్మకాల విభాగానికి నేను రాసిన సవరణ ఒక్క వాక్యం: "పైన చెప్పిన యంత్రం ఇంతవరకు వాడబడలేదు." వాల్టర్ దాన్ని ప్రయోగశాల గోడకు అతికించాడు. నేను సీనియర్ అయ్యాక కూడా తీయనివ్వలేదు.

ఆ తరువాత పదవీ విరమణ దాకా చాలా ఇళ్లకు వెళ్లాను, చాలా యంత్రాలు విప్పాను. ఈ ఉదంతం నేర్పింది ఇంతే: శుభ్రంగా కనిపించే యంత్రానికి రెండు కారణాలుండవచ్చు. అది బాగా పనిచేస్తూ ఉండవచ్చు, లేదా అసలు పనిచేయకుండా ఉండవచ్చు. మొదటిది మనకు నచ్చుతుంది కనుక, రెండోదాన్నే ముందు పరీక్షించాలి.