ఓవర్‌మారో వస్తున్నాం

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు బాగా వచ్చు. ఇప్పుడంత రాదు. రాజమండ్రిలో ఓ ట్యుటోరియల్‌లో పాఠాలు చెబుతూ, సన్నికల్లంత నిఘంటువును గుండెలమీద పెట్టుకుని నిద్రపోయేవాణ్ణి (పక్కటెముకల మీద ఆ నొక్కులు ఇప్పటికీ ఉన్నాయి). అందులో 'వాడుకలో లేదు' అని గుర్తు వేసిన మాటలంటే నాకు ప్రాణం. అలా దొరికిందే 'ఓవర్‌మారో'. ఓవర్ అంటే ఆవల, మారో అంటే రేపు. రేపటికి ఆవలిది, అంటే మన ఎల్లుండి. జర్మనుల మాటను చూసి ఎన్నో వందల ఏళ్ళ కిందట అల్లుకున్నారట, ఆనక ఎక్కడో పారేసుకున్నారట. సగం ప్రపంచాన్ని ఏలినవాళ్ళకి ఎల్లుండికంటూ ఒక్క మాట మిగలలేదే అని, సాయంత్రాలు గోదావరి గట్టున కూర్చుని వాళ్ళ తరఫున దిగులుపడేవాణ్ణి.

అప్పుడే పిఠాపురం సంబంధం వచ్చింది. ఫోటో చూశాక నా కాళ్ళు నేలమీద ఆనలేదు. "ఎల్లుండి పెళ్ళిచూపులకి వస్తున్నామని టెలిగ్రాం కొట్టరా" అన్నారు నాన్న. కొట్టాను, 'ఓవర్‌మారో వస్తున్నాం' అని, ఇంగ్లీషులో. మాటకింత అని డబ్బు కట్టాలి కదా, ఎల్లుండి ఒక్క మాటలో తేలిపోయింది.

మేం వెళ్ళేసరికి వాళ్ళ ఇల్లంతా బూరెల వాసన. మనుషులు మాత్రం వడిలిపోయి ఉన్నారు. "మూణ్ణాళ్ళుగా రోజూ వండుతున్నాం బాబూ. తినలేక వీధంతా పంచాం" అంది అమ్మాయి మామ్మ. టెలిగ్రాం అందిన పూట నుంచీ ఆ మాట వాళ్ళకి అంతుపట్టలేదు. అడిగితే ఇంగ్లీషు మేష్టారి ముందు పరువు పోతుంది; వండకపోతే గోదావరి జిల్లాల మర్యాదే పోతుంది. (నా అంచనా లక్ష బూరెలు.)

"ఇంతకీ ఆ మాటకి అర్థం ఏంటండి?" అన్నారు అమ్మాయి నాన్నగారు. నేను పొంగిపోయి దాని పుట్టుపూర్వోత్తరాలు అరగంట చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, "అంటే... ఎల్లుండేనా అండి!" అన్నారు. నాన్న నావైపు చూడటం మానేశారు. ఫోటోలోని అమ్మాయి కోటిపల్లి రేవు దాటి సముద్రంలో కలిసిపోతున్నట్టు అనిపించింది నాకు.

అప్పుడు తలుపు చాటునుంచి మెల్లగా ఓ గొంతు: "ఎల్లుండి అని ఇంగ్లీషక్షరాల్లో కొట్టినా ఒక్క మాటే కదండీ?"

ముందు మామ్మ నవ్వింది. ఆ నవ్వు గదంతా తిరిగి ఆఖరికి అమ్మాయి నాన్నగారి దగ్గరికి చేరింది. "మేష్టారికి మేష్టారు దొరికిందండి. ముహూర్తం మాత్రం తెలుగులో రాయించండి" అన్నారు.

ఇప్పుడు టెలిగ్రాం లేదు, నా ఇంగ్లీషూ లేదు. బల్బు మార్చమంటే "రేపు" అంటాను. "ఓవర్‌మారో అనండి, బాగుంటుంది" అంటుంది ఆవిడ. లోకమంతా మరిచిపోయిన మాట మా వంటింట్లో తీరిగ్గా తిరుగుతూ ఉంటుంది. అది విన్నప్పుడల్లా, నిఘంటువు కింద నలుగుతూ ఎల్లుండిని కలగంటున్న ఆ కుర్రాడు కనిపిస్తాడు. వాణ్ణి లేపబుద్ధి కాదు.