హామిల్టన్ పెరట్లో పసుపు బొట్లు

రైలంటే నాకు పిచ్చి. మా నాన్నగారు సామర్లకోటలో రైల్వే గార్డుగా చేశారు. మా ఇంట్లో గోడ గడియారం కన్నా రైలు కూతనే ఎక్కువ నమ్మేవాళ్ళం. అలాంటిదాన్ని, వీధి చివర చిల్లర కొట్లో పాల సీసా కొనడానికి కూడా కారు తీసే ఆక్లండ్‌లో వచ్చి పడ్డాను. అందుకే సుజాత "అక్కా, శుక్రవారం హామిల్టన్‌కి రైల్లో వెళ్తున్నాం, తోడొస్తావా?" అనగానే ఎందుకని కూడా అడక్కుండా సరేనన్నాను. ఎందుకో తర్వాత చెప్పింది. విన్నాక నా సరదా సగానికి సగం తగ్గింది.

సుజాతది మౌంట్ ఆల్బర్ట్‌లో మా వెనక వీధి. కాకినాడలో ఇంజనీరింగ్ చదివింది. ఇక్కడికొచ్చి ఉద్యోగం వెతుక్కుంటుండగానే చిట్టి పుట్టింది. డైపర్లని ఇక్కడ న్యాపీలంటారు. షాపుల్లో దొరికే ప్లాస్టిక్ న్యాపీలు చిట్టి ఒంటికి పడక దద్దుర్లు తేలితే, తనే గుడ్డవి కుట్టడం మొదలుపెట్టింది. లోపల మెత్తటి నూలు ఫ్లానెల్ పొరలు, పైన సెకండ్‌హ్యాండ్ షాపుల్లో దొరికే ఉన్ని స్వెటర్లు కత్తిరించి కుట్టిన తొడుగు. ఎన్నిసార్లయినా ఉతుక్కోవచ్చు, చెత్తబుట్టలోకి పోయేదేమీ ఉండదు. వారాంతపు మార్కెట్లో అవి అమ్ముడుపోతుంటే ఇంకో ఇద్దరు తల్లులు వచ్చి కలిశారు. ఒకామెది సమోవా దీవులు, ఇంకొకామెది నెల్లూరు. సుజాతావాళ్ళ గరాజ్‌లో పిల్లల్ని పక్కన పడుకోబెట్టుకుని ముగ్గురూ కుడతారు.

కానీ వారానికొక్క రోజు మార్కెట్‌ని నమ్ముకుని ఎన్నాళ్ళు? సుజాత ఏదో ఒక ఫుల్‌టైం ఉద్యోగంలో చేరాలనీ, ఎనిమిది నెలల చిట్టిని రెండేళ్ళపాటు నాయనమ్మతో అమలాపురం పంపాలనీ ఇంట్లో మాట అయిపోయింది. ఇక్కడి మనవాళ్ళలో ఇలా పంపినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళెవరూ ఆ సంగతి నవ్వుతూ చెప్పగా నేను చూడలేదు. అత్తగారు సుబ్బలక్ష్మిగారి తిరుగు ప్రయాణం పై వారమే. ఈలోగా హామిల్టన్‌లో పసిపిల్లల సామాన్ల షాపు నడిపే హెలెన్ అనే ఆవిడ, శాంపిల్స్ తీసుకుని స్వయంగా రమ్మంది. నచ్చితే నెలనెలా ఆర్డరు, ముగ్గురు తల్లులకీ ఇంటిపట్టునే పని. నచ్చకపోతే చిట్టి విమానం ఎక్కుతుంది.

పొద్దున్న ఏడింటికల్లా సుజాత భర్త రవి మమ్మల్ని బ్రిటోమార్ట్ స్టేషన్‌లో దింపాడు. "ఏజెంట్ ఇవాళ సాయంత్రం దాకే ఆగుతానన్నాడు. చిట్టి టికెట్ సంగతి ఏదో ఒకటి చెప్పాలి" అన్నాడు. సుజాత న్యాపీల సంచీ భుజానికి తగిలించుకుంది. సుబ్బలక్ష్మిగారు మనవరాల్ని ఎత్తుకుని అందరికంటే ముందు రైలెక్కేశారు.

ఇది వెల్లింగ్టన్ దాకా వెళ్ళే పగటి రైలు. వెళ్ళదలచుకున్నవాళ్ళు టికెట్లు ముందుగానే బుక్ చేసుకోండి, బాగా చవక. కిటికీలు పెద్దవి, సీట్లు మెత్తనివి. తిండి మాత్రం రైలువాళ్ళ మీద పెట్టుకోకండి. పై అనే మాంసం కూరిన రొట్టె, శాండ్‌విచ్, గోరువెచ్చని నీళ్ళలో ముంచిన టీ సంచీ, అంతే దొరికేది. మాకు సుబ్బలక్ష్మిగారు డబ్బా నిండా పులిహోర తెచ్చారు. పాపకుర స్టేషన్ దాటకముందే మూత తీశారు. ఇంగువ వాసనకి ముందు సీట్లవాళ్ళు ఇద్దరు వెనక్కి తిరిగారు. నేను సిగ్గుపడకుండా రెండోసారి పెట్టించుకున్నాను.

టకానిని దగ్గర కొత్తగా కట్టిన ఇళ్ళు వరసగా కనిపించాయి. "ఇక్కడ ఇల్లు కొనాలని రవికి ఎప్పట్నించో ఆశ అక్కా" అంది సుజాత. సుబ్బలక్ష్మిగారు కిటికీలోంచి తేరిపార చూసి, "అన్నీ ఒక్కలాగే ఉన్నాయి కదే! చీకటి పడితే ఎవరింట్లో ఎవరు దూరతారో" అన్నారు. పొద్దుట్నించి సుజాత నవ్వింది అప్పుడే.

మా పక్క వరసలో కూర్చున్న తెల్లజుత్తు న్యూజీలాండ్ ఆవిడ అల్లిక పక్కనబెట్టి, చిట్టి కట్టుకున్న ఉన్ని తొడుగుని వేలితో తాకి చూసింది. "మా అమ్మ న్యాపీల్ని పెద్ద రాగి కాగులో ఉడకబెట్టేది. తీగ మీద తెల్లగా లేకపోతే వీధిలో తలెత్తుకోలేకపోయేది పాపం" అంది. నేను తెలుగులో చెప్పాను. "అయితే వీళ్ళకీ మనంత చాదస్తం ఉండేదన్నమాట" అని సుబ్బలక్ష్మిగారు సంబరపడి, ఆవిడకి కూడా కాగితం పళ్ళెంలో పులిహోర పెట్టారు. మిరపకాయ తీసి ఇచ్చారు లెండి.

పది కాకముందే హామిల్టన్‌లో దిగాం. స్టేషన్ ఊరికి కాస్త ఎడం, టాక్సీ మాట్లాడుకున్నాం. హెలెన్ షాపు పాతకాలపు చెక్క ఇంట్లో ఉంది. ముందు గదుల్లో అమ్మకం, వెనక పెద్ద పెరడు. హెలెన్‌కి యాభై ఉంటాయి. మాట మెత్తన, చూపు చురుకు. చిట్టిని పలకరించి, మాకు కుర్చీలు చూపించి, బల్ల మీద చోటు చేసి "ఏవీ, చూద్దాం" అంది.

సుజాత సంచీ తెరిచి పన్నెండు న్యాపీలూ వరసగా పరిచింది. తెల్లగా, ముచ్చటగా ఉన్నాయి. ప్రతి న్యాపీకీ ఓ మూల పచ్చగా మరక. హెలెన్ ఒకటి తీసి చూసింది, ఇంకొకటి చూసింది. కళ్ళజోడు పెట్టుకుంది. న్యాపీ మీద పసుప్పచ్చ మరక ఉంటే ఎవరికైనా ఏం తడుతుందో వేరే చెప్పక్కర్లేదు.

"ఇవి... వాడినవా?" అంది, వీలైనంత మర్యాదగా.

పులిహోర డబ్బా కారిందేమో అనుకున్నాను నేను. సుజాత అలా అనుకోలేదు. నెమ్మదిగా అత్తగారి వైపు తిరిగింది. "అత్తయ్యగారూ, వీటికి పసుపు పెట్టారా?"

"పెట్టకుండా ఎలా పంపిస్తానే? కొత్త బట్టలాయె! అందులోనూ పసిపిల్లలు కట్టుకునేవి" అన్నారావిడ, మెచ్చుకోలు కోసం చూస్తూ.

సుజాత ఇంగ్లీషులో చెప్పడానికి ప్రయత్నించింది. ఆచారం, మంగళం, పసుపు. హెలెన్ శ్రద్ధగానే విన్నది. "అర్థమైంది. కానీ రాబోయే నెలల సరుకు నేను ఇవాళే ఖాయం చెయ్యాలి. మరకలున్నవి అలమరలో పెట్టలేను కదా" అంది. ఆవిడని తప్పు పట్టడానికి లేదు. సుజాత న్యాపీలన్నీ సంచీలో కుక్కుకుని బయటికొచ్చేసింది.

షాపు ముందు బెంచీ మీద కూలబడి, అనకూడని మాట అనేసింది. "చిట్టిని మీతో పంపించెయ్యాలనే కదా ఇలా చేశారు?"

సుబ్బలక్ష్మిగారి ముఖం పాలిపోయింది. "నాకు మనవరాలు కావాలంటే నోరు తెరిచి అడుగుతాను గానీ, పసుపు పెట్టి అడ్డం పడతానా అమ్మాయ్? నీ పని అవ్వాలనే పెట్టాను."

ఇద్దరి మీదా జాలేసింది. అంతలో చిట్టి తడిపేసింది. సుజాత కళ్ళు తుడుచుకుని, ఇంట్లో వాడే న్యాపీ ఒకటి తీసి, బెంచీ మీదే మార్చబోతూ ఆగిపోయింది. ఆ న్యాపీ మీద ఎనిమిది నెలల్లో పడని మరక లేదు. ఇప్పుడది ఎండలో ఆరీ ఆరీ, పాలంత తెల్లగా కాదుగానీ, కొబ్బరి ముక్కంత తెల్లగా ఉంది. సుజాత తలెత్తి ఎండకేసి చూసింది. ఇక్కడి వేసవి ఎండ గాలికి చల్లగా ఉన్నట్టే ఉంటుంది, నిలబడితే చర్మం మాడ్చేస్తుంది.

చిట్టిని నా చేతుల్లో పెట్టి, సంచీ పట్టుకుని మళ్ళీ లోపలికి నడిచింది. "హెలెన్, మీ పెరట్లో బట్టలారేసే తీగ ఉందా? నాకు మూడింటిదాకా టైం ఇవ్వండి. మరక పడని న్యాపీ ఎక్కడా ఉండదు. పోతుందో లేదో మీరే చూడండి."

హెలెన్ ఒక్క క్షణం ఆలోచించి పెరటి తలుపు తీసింది.

కుళాయి దగ్గర అత్తాకోడళ్ళు ఇద్దరూ కూర్చున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడలేదు గానీ, ఒకరు రుద్దింది ఇంకొకరు జాడించారు. సబ్బు తగలగానే పసుపు ఎర్రబడుతుందని మనకి తెలుసు. హెలెన్‌కి తెలీదు. ఎర్రటి మచ్చలు చూసి "అయ్యో, ఇప్పుడు రక్తమా!" అని రెండడుగులు వెనక్కి వేసింది. ముందు సుబ్బలక్ష్మిగారే పకపకా నవ్వారు. తర్వాత సుజాత. హెలెన్‌కి ఎందుకో అర్థం కాకపోయినా తనూ నవ్వింది.

గొడుగులా తిరిగే ఆ తీగ మీద పన్నెండూ ఆరేశాం. మధ్యాహ్నం పెరట్లోనే పులిహోర తిన్నాం. హెలెన్ చెంచాతో తిని, ఈ పసుపు కూడా అదే పసుపా అని అడిగి, మరో చెంచా తీసుకుంది. సుజాత ఊరికే కూర్చోలేక అరగంటకోసారి న్యాపీలు తిరగేసి ఎండకి పెట్టింది. మరక నిమ్మపండు రంగుకి తగ్గింది, ఆ తర్వాత వెతికితే గానీ కనబడలేదు. మూడింటికి హెలెన్ ఒక్కొక్కటీ కిటికీ దగ్గర వెలుతురులో పట్టి చూసింది. అంతసేపూ సుజాత చిట్టిని గట్టిగా హత్తుకునే ఉంది.

"షాపుకొచ్చే తల్లులు నన్ను ముందు అడిగేది, మరకలు పోతాయా అనే" అంది హెలెన్. "పై నెల నుంచి పంపండి. ముందు కొంచెం, అమ్మకాన్ని బట్టి ఎక్కువ." తర్వాత ఒక న్యాపీ తీసి సుబ్బలక్ష్మిగారి ముందు పెట్టి, "దీనికి మాత్రం మళ్ళీ పసుపు పెట్టివ్వమనండి. ఇది పక్కన పెట్టుకుని, మరక ఎలా పోతుందో అందరికీ చూపిస్తాను" అంది. సుబ్బలక్ష్మిగారు పర్సులోంచి భరిణె తీసి, కళ్ళు మూసుకుని ఏదో గొణిగి, మూల మీద బొట్టు పెట్టారు.

తిరుగు రైలు అయిదింటి ప్రాంతంలో వచ్చింది. హామిల్టన్‌లో నది ఒడ్డు, తోటలు చాలా బాగుంటాయట. మీరు వెళ్తే తప్పకుండా చూడండి. నేను చూసింది ఒక్క పెరడు. అయినా నాకు డబ్బు దండగ అనిపించలేదు.

చిట్టి నాయనమ్మ ఒళ్ళో నిద్రపోయింది. తర్వాత సుజాత, "అత్తయ్యగారూ, నేనలా అని ఉండకూడదు" అంది.

"పోనిద్దూ. కన్నతల్లివి, భయం నోరు ఊరుకోనిస్తుందా!" అన్నారావిడ. చిట్టి జుట్టు సర్దుతూ, కిటికీకేసి చూస్తూ, "ఉయ్యాలకి రంగు వేయించమని మీ మావయ్యకి నెల కిందటే ఫోన్ చేశాను. వేయించేశారట, నీలం రంగు" అన్నారు. మళ్ళీ తనే, "గుడ్డ కప్పి అటక మీద పెట్టమంటాలే" అన్నారు.

సుజాత ఆవిడ చెయ్యి పట్టుకుంది. "అటకెక్కించొద్దు. సెలవుల్లో చిట్టిని నేనే తీసుకొస్తాను."

ఆవిడ తలాడించారు. ఆవిడకి చిట్టి మీద ఎంత ఆశ ఉందో నాకు అప్పటిదాకా తెలీనే తెలీదు. అంత ఆశ పెట్టుకుని కూడా పన్నెండింటికి పన్నెండూ వరసగా పసుపు పెట్టి పంపారావిడ.

బ్రిటోమార్ట్‌లో దిగేసరికి ఇంకా వెలుగుంది. రవి ఫోన్ చేతిలో పట్టుకుని ఎదురొచ్చాడు. "ఏమైంది? ఏజెంట్ లైన్లో ఉన్నాడు" అన్నాడు.

సుజాత నోరు తెరిచేలోగా సుబ్బలక్ష్మిగారు నిద్రపోతున్న చిట్టిని కోడలి భుజం మీదకి మార్చారు. ఖాళీ అయిన చేతులతో చీర చెంగు సర్దుకుని, కొడుకుతో చెప్పారు.

"నా టికెట్ ఒక్కటే ఉంచమనరా."